పేడ లెక్క తేలాకే ప్లాంటు మాట

ప్రశ్న: మేము బెంగళూరు మారతహళ్లిలో ఉంటాము. మా అబ్బాయి కెమికల్ ఇంజనీరింగ్ చివరి సంవత్సరంలో ఉన్నాడు. చింతామణి దగ్గర మా అన్నగారికి 40 ఆవుల డెయిరీ ఉంది. క్యాంపస్ ప్లేస్‌మెంట్లు వదిలేసి, అక్కడ బయోగ్యాస్ ప్లాంటు పెట్టి సీబీజీ (శుద్ధి చేసి అధిక పీడనంతో కుదించిన బయోగ్యాస్) అమ్ముతానంటున్నాడు. ఒప్పుకోవచ్చా?

జవాబు: రంగం మంచిదేనండీ, కానీ 40 ఆవుల మీద సీబీజీ వ్యాపారం నిలబడదు. ఆవుకు 10 కిలోల చొప్పున రోజుకు 400 కిలోల పేడ చేతికొస్తుందనుకుందాం. కిలో పేడకు సుమారు 40 లీటర్ల చొప్పున వచ్చేది 16 ఘనపు మీటర్ల గ్యాస్. అందులో మండే వాయువైన మీథేన్ 55 నుంచి 60 శాతమే కనుక, శుద్ధి చేశాక మిగిలే సీబీజీ ఆరేడు కిలోలు. శుద్ధి యంత్రాలకు, కంప్రెసరుకు పెట్టిన పెట్టుబడి మీద వడ్డీ కట్టడానికి కూడా అది చాలదు. గుజరాత్‌లో బనాస్ డెయిరీ ఈ పని చేస్తోందంటే, చుట్టుపక్కల ఊళ్ల రైతుల నుంచి పేడను టన్నుల లెక్కన సేకరించగలుగుతోంది కనుకనే.

అదే గ్యాస్‌ను శుద్ధి చేయకుండా అక్కడే మండిస్తే రోజుకు దాదాపు ఏడు కిలోల ఎల్పీజీ పని చేస్తుంది, అంటే రెండు రోజులకొక ఇంటి సిలిండరు. పాలు కాచి కోవా చేయడానికో, వేడినీళ్లకో ఇప్పుడు కొంటున్న ఇంధనం ఆ మేరకు తగ్గితేనే అది ఆదాయం. నా దృష్టిలో అసలు విలువ స్లర్రీది, అంటే గ్యాస్ వచ్చాక మిగిలే పలుచని పేడది. పేడలోని నత్రజని, భాస్వరం, పొటాష్ చాలా వరకు అందులోనే ఉంటాయి. అయితే అది ఎక్కువగా నీరే కనుక, దగ్గరలోని టమాటా, మల్బరీ తోటలవాళ్లు తీసుకోకపోతే రవాణా ఖర్చే లాభాన్ని మింగేస్తుంది.

మీ అబ్బాయిని ఒక ఉదయం కొట్టంలో నిలబడి చూడమనండి. పేడను పారతో ఎత్తుతున్నారా, పైపుతో నీళ్లు కొట్టి కాలువలోకి తోస్తున్నారా? పేడకు సమానంగా నీళ్లు కలిస్తే చాలు. అంతకు మించి పలుచనైతే, దాదాపు 40 రోజులు డైజెస్టర్‌లో (గ్యాస్ తయారయ్యే మూసిన తొట్టెలో) ఉండాల్సిన పేడ ముందే బయటికి పోయి గ్యాస్ పడిపోతుంది. దీన్ని కొలవడమే అతని చివరి సంవత్సరం ప్రాజెక్టు కావాలని నా గట్టి కోరిక.

ప్లేస్‌మెంట్లు మాత్రం వదలనివ్వకండి. 2018లో సీబీజీని ప్రోత్సహించే కేంద్ర ప్రభుత్వ సతత్ పథకం వచ్చాక దేశంలో సీబీజీ ప్లాంట్లు వెలుస్తున్నాయి, వాటిలో రెండు మూడేళ్లు పనిచేస్తే ఏ పుస్తకమూ నేర్పనిది వస్తుంది. పైచదువు కావాలంటే మీ ఊళ్లోనే ఐఐఎస్సీలో సుస్థిర సాంకేతికతల కేంద్రం ఉంది. ఏ కంపెనీలో చేరినా, ముడిసరుకు ఎవరు, ఏ ధరకు, ఎన్నేళ్ల ఒప్పందం మీద ఇస్తున్నారో, స్లర్రీ ఎటు పోతుందో ఇంటర్వ్యూలోనే మర్యాదగా అడగమనండి.