జ్వరంలో ఫిట్స్ వస్తే స్కాన్ తీయకుండా ఎందుకు పంపేస్తారు?

రెండేళ్ల బాబుకు జ్వరంలో ఫిట్స్ వస్తే ఎమర్జెన్సీలో స్కాన్ తీయకుండానే ఇంటికి పంపారు, ఇది సరైనదేనా అని అడిగారు. చాలావరకు సరైనదే. 6 నెలల నుంచి 5 ఏళ్ల లోపు పిల్లల్లో 100కి 2 నుంచి 5 మందికి ఇలా వస్తుంది. ఒళ్లంతా కొట్టుకుని, 15 నిమిషాల్లోపే ఆగి, 24 గంటల్లో మళ్లీ రాకుండా, బిడ్డ పూర్తిగా తేరుకుంటే సీటీ స్కాన్, ఈఈజీ (మెదడులోని విద్యుత్ తరంగాలను చూసే పరీక్ష) సాధారణంగా అక్కర్లేదు. సీటీ రేడియేషన్ పసివాళ్లకు ఊరికే ఇచ్చేది కాదు.

డాక్టర్ అసలు వెతికేది మెదడువాపు, మెదడు పొరల ఇన్ఫెక్షన్ గుర్తులు: మెడ బిగుసుకోవడం, మత్తు వదలకపోవడం, ఒక పక్కే ఫిట్స్ రావడం. అనుమానం ఉంటే వెన్నులోంచి నీరు తీసి పరీక్షిస్తారు. ముఖ్యంగా ఏడాదిలోపు బిడ్డకు టీకాలు పూర్తికాకపోతే ఈ పరీక్ష అడగవచ్చు. దయచేసి భయపడి వద్దనకండి, అక్కడ ఆలస్యం చాలా ప్రమాదం.

ఇంట్లో మళ్లీ వస్తే పక్కకు తిప్పి పడుకోబెట్టండి. నోట్లో చెంచా, చేతిలో తాళాలు పెట్టొద్దు. 5 నిమిషాలు దాటితే 108కి ఫోన్ చేయండి. ఫిట్స్‌ను ఆపడానికి ముక్కులో కొట్టే మిడజోలం మందు స్ప్రే ఇంట్లో ఉంచుకోవాలా అని మీ పిల్లల డాక్టర్‌ని అడగండి. పారాసిటమాల్ బాబుకు కాస్త హాయినిస్తుంది గానీ ఫిట్స్‌ను ఆపుతుందన్న భరోసా లేదు.