స్మార్ట్ లాక్ పెట్టండి, నిఘా వద్దు

ప్రశ్న: మా మేడ మీద రెండు పోర్షన్లు మెడికల్ కాలేజీ పిల్లలకు అద్దెకిస్తాం. తాళంచెవులు తరచూ పోగొడతారు, ఖాళీ చేసినవాళ్ల దగ్గర ఇంకో చెవి ఉందేమోనని నాకు టెన్షన్. కోడ్‌తోనో వేలిముద్రతోనో తెరుచుకునే స్మార్ట్ లాక్ పెట్టిస్తే ఎవరు ఎప్పుడొస్తున్నారో ఫోన్‌లో చూసుకోవచ్చని హైదరాబాద్‌లో ఉన్న మా అబ్బాయి అంటున్నాడు. పెట్టించమంటారా?
– ఒక పాఠకురాలు, బరంపురం

జవాబు: పెట్టించండి. ఒకరు ఖాళీ చేయగానే వాళ్ల కోడ్, వేలిముద్రలు తీసేసి కొత్తవాళ్లవి పెడితే సరి, తాళం మార్చే పనుండదు. మిగతా కోడ్‌లు పెట్టడానికీ తీయడానికీ తాళంతో పాటు వచ్చే మాస్టర్ కోడ్‌ని మాత్రం మొదటిరోజే మార్చేయండి.

కానీ మీ అబ్బాయి అన్న రెండో మాట వద్దండీ. అద్దెకిచ్చాక ఆ గది వాళ్లది. నైట్ డ్యూటీ చేసి ఆడపిల్ల ఏ వేళకి తలుపు తీసిందో హైదరాబాద్‌లో కూర్చుని చూడటం ఏం మర్యాద? కేంద్రం 2021లో తెచ్చిన నమూనా అద్దె చట్టం కూడా ఇంటివాళ్లు లోపలికి రావాలంటే 24 గంటల ముందు రాతపూర్వకంగానో మెసేజీగానో చెప్పాలంటుంది. రాష్ట్రం తన చట్టంగా చేసుకుంటేనే అది అమల్లోకి వస్తుంది, అయినా ఆ పద్ధతి మీరు పాటించండి, రాకపోకల వివరాలు మేం చూడబోమని అగ్రిమెంట్‌లోనే రాసివ్వండి.

కొనేటప్పుడు మామూలు చెవితో కూడా తెరుచుకునేదే తీసుకోండి. 2013 అక్టోబరులో ఫైలిన్ తుపాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటినప్పుడు మీ వైపు కరెంటుకి ఎంత ఇబ్బందైందో మీకు తెలుసు. అయినా ఇలాంటి తాళాలు చాలావరకు నాలుగు పెన్సిల్ సెల్స్‌తో నడుస్తాయి కాబట్టి కరెంటు, వైఫై లేకపోయినా గుమ్మం ముందు అంకెలు నొక్కితే తెరుచుకుంటాయి, దూరం నుంచి ఫోన్‌తో తెరవడమే కుదరదు. ఆల్కలైన్ సెల్సే వేయండి, చార్జింగ్ సెల్స్‌తో బ్యాటరీ ఎంత మిగిలిందో తప్పుగా చూపించే అవకాశం ఉంది. అడుగున చిన్న పోర్టు ఉన్న మోడలైతే సెల్స్ పూర్తిగా అయిపోయినా పవర్‌బ్యాంకు తగిలించి కోడ్ కొట్టొచ్చు. మీది సముద్రం దగ్గరి ఊరు, సెల్స్ పెట్టే చోట చిలుము పడుతోందేమో అప్పుడప్పుడూ మూత తీసి చూస్తుండాలి.

ఇంకో ముఖ్యమైన సంగతి, మీ తలుపులు చెక్కవైతే వానాకాలంలో ఉబ్బుతాయి. అప్పుడు మనమైతే భుజంతో నెట్టి గడియ వేస్తాం, మోటారుతో వేసే తాళానికి అది చేతకాదు, గడియ సగంలో ఆగిపోతుంది, సెల్స్ కూడా తొందరగా అయిపోతాయి. అందుకని తాళం కొనకముందే వడ్రంగిని పిలిచి తలుపు అంచుకి చిత్రిక పట్టించండి, తలుపు మందం కూడా అతనితోనే కొలిపించుకుని షాపుకి వెళ్లండి.