ఓడలో కాస్మిక్ కిరణాలు కొలిస్తే తేడా తెలుస్తుంది, కానీ బారోమీటర్ చూడాలి

భూమధ్యరేఖ వైపు వెళ్లేకొద్దీ కాస్మిక్ కిరణాలు, అంటే అంతరిక్షం నుంచి వచ్చే కణాలు, తగ్గుతాయంటారు కదా, చిన్న డిటెక్టర్‌తో ఓడలో కొలిస్తే ఆ తేడా దొరుకుతుందా అని అడిగారు. కచ్చితంగా దొరుకుతుంది. నేను సరుకు ఓడల్లో ఎలక్ట్రికల్ ఆఫీసర్‌ని, రోటర్‌డామ్ నుంచి సూయజ్ మీదుగా సింగపూర్ వెళ్తూ అరచేతిలో పట్టే మ్యుయాన్ డిటెక్టర్ కేబిన్‌లో పెట్టుకుని చూశాను. కాస్మిక్ కిరణాలు పైన గాలిని ఢీకొంటే పుట్టి కిందిదాకా దిగే కణాలే మ్యుయాన్లు.

గంట గంటకీ అంకె చూస్తూ కూర్చోకండి, పిచ్చెక్కుతుంది. సెకనుకి ఒక మ్యుయాన్ చొప్పున వచ్చే చోట గంట లెక్క దానంతటదే ఒకటి రెండు శాతం ఊగుతుంది, రోజు మొత్తం కలిపి చూడాలి. బిస్కే అఖాతంలో తుఫాను పట్టుకుంది. డిటెక్టర్‌కి టవల్ చుట్టి మంచానికీ గోడకీ మధ్య ఇరికించాను, ఆ రోజు లెక్క తగ్గాల్సింది పోయి పెరిగింది! బ్రిడ్జి మీదికెళ్లి చూస్తే బారోగ్రాఫ్, అదే గాలి ఒత్తిడిని గీతగా గీసే బారోమీటర్, దాని గీత బాగా కిందికి జారి ఉంది. ఒత్తిడి పడిందంటే నెత్తిమీద గాలి పలచబడినట్టు, మ్యుయాన్లు ఎక్కువ దిగుతాయి. 30 మిల్లీబార్లు పడితే నాలుగైదు శాతం పెరుగుతుంది, సముద్రమట్టంలో అక్షాంశాల వల్ల వచ్చే మొత్తం తేడాయే పది శాతం పైచిలుకు.

ఒత్తిడి సవరించాక మధ్యధరా నుంచి ఎర్ర సముద్రం దాకా అంకె దిగుతూనే ఉంది, శ్రీలంక దగ్గర అడుగుకి చేరింది. భూమధ్యరేఖ ఇంకా దక్షిణాన ఉంది కదా అనుకోవద్దు, ఇక్కడ లెక్కలోకి వచ్చేది అయస్కాంత భూమధ్యరేఖ, అది మన దక్షిణాది కొన మీదుగా పోతుంది. కేరళలోని తుంబాలో రాకెట్ కేంద్రం పెట్టింది అందుకే. అక్కడ సుమారు 17 గిగా ఎలక్ట్రాన్ వోల్టులకి (కణాల శక్తిని కొలిచే ప్రమాణం) తక్కువ శక్తి ఉన్న ప్రోటాన్ నిట్టనిలువుగా దిగలేదు, భూ అయస్కాంత క్షేత్రం వంచి తిప్పి పంపేస్తుంది.

అసలు దీన్ని మొదట పట్టింది జాకబ్ క్లే అనే డచ్ ప్రొఫెసర్. జావా దీవిలోని బాండుంగ్‌లో పనిచేస్తూ 1927లో జావాకీ యూరప్‌కీ మధ్య ఓడలో కొలిచాడు. 1930లో జర్మన్ శాస్త్రవేత్తలు బోతే, కోల్‌హోర్‌స్టర్ ఉత్తర సముద్రం నుంచి ఆర్కిటిక్‌లోని స్పిట్స్‌బెర్గెన్ దీవి వైపు వెళ్లి తేడా ఏమీ లేదన్నారు. ఉండదు మరి, అంత ఉత్తరాన తక్కువ శక్తి కణాలని అయస్కాంత క్షేత్రం వదిలినా వాతావరణమే మింగేస్తుంది. అమెరికా భౌతిక శాస్త్రవేత్త మిల్లికాన్ అంతటివాడు ఇవి గామా కిరణాలేనని, అంటే అయస్కాంతం వంచలేనివని పట్టుబట్టాడు, 1932లో ఇంకో అమెరికా శాస్త్రవేత్త కాంప్టన్ ప్రపంచమంతా కొలిపించాకే ఇవి విద్యుదావేశం ఉన్న కణాలన్న మాట చెల్లింది. నేను చదివిన కాలేజీ పుస్తకాల్లో కాంప్టన్ పేరే ఉంది, క్లే ఊసే లేదు, అది నాకు ఇప్పటికీ మంటే. దారి సరిగ్గా ఎంచుకున్నది ఆయనే.

మీరు వెళ్తే ఉత్తర దక్షిణాలుగా పోయే ఓడ ఎక్కండి, మధ్యలో కేబిన్ మాత్రం మారకండి, పైన ఉండే ఇనుము మారినా లెక్క మారుతుంది.