ట్రాకియాస్టమీ ఉన్న నాన్నకు ఇంట్లో నర్సును పెట్టుకుంటే సరిపోతుందా?

పక్షవాతం వచ్చాక నాన్నకు గొంతులో ట్యూబు వేశారు, వచ్చే వారం కావలిలో ఇంటికి పంపుతామంటున్నారు, నర్సును పెట్టుకుంటే చాలా అని అడిగారు. చాలదండీ. నర్సును పెట్టుకోండి, కానీ మీ ఇంట్లో ఇద్దరికి సక్షన్, అంటే ట్యూబులోని కఫాన్ని మెషీన్‌తో లాగేయడం, వచ్చేదాకా ఆసుపత్రి గడప దాటొద్దు. ఒంగోలులో మా మామయ్యగారిని ఇలా ట్యూబుతోనే ఇంటికి తెచ్చుకుని చూసుకున్నాం, అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

కఫం అడ్డుపడితే నిమిషాల్లో ప్రాణం మీదికి వస్తుంది. అది నర్సు భోజనానికి వెళ్లినప్పుడే కావచ్చు, డ్యూటీ మారే మధ్యలో కావచ్చు. లోపలి ట్యూబు విడిగా వచ్చే రకమైతే ముందు దాన్ని తీసేయాలి, చాలాసార్లు గడ్డకట్టిన కఫం అందులోనే ఉంటుంది. తర్వాత సక్షన్. అప్పటికీ ఊపిరి ఆడకపోతే, పెదాలు నీలంగా మారితే వెంటనే 108. మొత్తం ట్యూబే ఊడి వస్తే ఏం చేయాలో మీ ఈఎన్‌టీ డాక్టరు దగ్గర కళ్లారా చూసి నేర్చుకోండి. అదే సైజుది ఒకటి, ఒక సైజు చిన్నది ఒకటి, రెండు ట్యూబులు ఎప్పుడూ మంచం పక్కనే ఉండాలి.

ఇక నర్సు సంగతి. ఏజెన్సీలు నర్సు అని చెప్పి చాలాసార్లు కేర్‌టేకర్‌ను పంపుతాయి. మాకు మొదట వచ్చిన అమ్మాయికి డైపర్లు మార్చడం, ముక్కు గొట్టంలో పాలు పోయడం మాత్రమే వచ్చు. పాపం, ఆ పిల్ల తప్పేముంది, ఈ పని ఆమెకు ఎవరూ నేర్పలేదు. అందుకని కెథెటర్, అంటే ట్యూబులోకి పంపి కఫం లాగే సన్నటి గొట్టం, గురించి ముందే ఒక ప్రశ్న అడగండి: "కెథెటర్ లోపలికి పంపేటప్పుడు దాని పక్క రంధ్రం మూస్తావా, తెరిచి ఉంచుతావా?" తెరిచి ఉంచాలి. బయటికి లాగేటప్పుడే బొటనవేలితో మూసి, 10-15 సెకన్లలో ముగించాలి. చేసినవాళ్లు తడుముకోకుండా చెబుతారు. కెథెటర్ కూడా ట్యూబు లోపలి వెడల్పులో సగానికి మించకూడదు, 8 నంబరు ట్యూబుకు సాధారణంగా 12 సైజు వాడతారు.

మన వైపు ఎండలు మీకు తెలిసినవే. ముక్కుతో పీల్చే గాలికి తేమ తగులుతుంది, ట్యూబులోకి వెళ్లే గాలికి అది ఉండదు. వడగాడ్పుల రోజుల్లో కఫం జిగురులా బిగుస్తుంది. హెచ్ఎంఈ ఫిల్టరో (ట్యూబు మూతికి తగిలించేది, లోపలికి వెళ్లే గాలికి తేమనిస్తుంది), సెలైన్ నెబ్యులైజేషనో (ఉప్పునీటి తుంపర పట్టడం) డాక్టరు రాసింది ఒక్క పూట కూడా మానొద్దు. చీమకుర్తి వైపు గ్రానైట్ దుమ్ములో ఉండేవాళ్లయితే మరీ జాగ్రత్త. ఆ గదిలో చీపురు వద్దు, తడిగుడ్డతో తుడవండి. అగరుబత్తి, దోమల కాయిల్, స్నానం తర్వాత మెడకు పౌడరు, ఇవేవీ వద్దు.

తుఫాను వస్తే మనకు కరెంటు ఎంతసేపు పోతుందో చెప్పలేం. బ్యాటరీ ఉన్న సక్షన్ మెషీన్ తీసుకోండి, లేదా కాలితో తొక్కే పంపు ఒకటి అదనంగా ఉంచుకోండి.

ఇంకో మాట. నాన్నగారు గొంతెత్తి పిలవలేరు. పనిచేసే చేతికి అందేలా కాలింగ్ బెల్ స్విచ్ పెట్టండి. అది పెట్టాకే మా మామయ్య రాత్రుళ్లు భయం లేకుండా నిద్రపోయారు.

వారంలోపు మీ ఇద్దరికీ చేయి తిరగకపోతే, డిశ్చార్జ్ రెండు రోజులు వాయిదా వేయమని మొహమాటం లేకుండా అడగండి. సిస్టర్ పక్కన నిలబడి చూస్తుండగా మీ చేత్తోనే సక్షన్ చేయండి, రాత్రి డ్యూటీలో అయితే వాళ్లకు నేర్పడానికి కాస్త తీరిక ఉంటుంది.