ఇంటి ప్లాన్‌తో కొట్టు లెక్కలు రాస్తే నేరమా?

ప్రశ్న: తణుకులో రైస్‌మిల్లు విడిభాగాల వ్యాపారం చేస్తున్నాను. కొట్లో ఏడు కంప్యూటర్లున్నాయి. మా అబ్బాయి పేరున తీసుకున్న మైక్రోసాఫ్ట్ 365 ఫ్యామిలీ ప్లాన్‌ను ఆరింటిలో వాడుతున్నాం. ఏడోదానికి తెలిసినాయన ఒకరు 700 రూపాయలకు ఆఫీస్‌కు 'లైఫ్‌టైమ్ కీ' (ఎప్పటికీ పనిచేస్తుందనే తాళం నంబరు) వేసి ఇచ్చాడు. బిల్లు లేదు. మీ లైసెన్సుల వివరాలు పంపండంటూ ఈమధ్య ఒక ఈమెయిల్ వచ్చింది. కేసు పెడతారా? ఇప్పుడు ఏ ప్లాన్ తీసుకోవాలి?
– ఒక పాఠకుడు

జవాబు: మీ దగ్గర ఉన్నవి రెండు వేర్వేరు తప్పులు. రెంటినీ ఒకే గాటన కట్టకండి.

ఫ్యామిలీ ప్లాన్‌కు మీరు డబ్బు కట్టారు, అది అసలైనదే. కాకపోతే అది ఆరుగురి దాకా ఇంట్లోవాళ్ళ సొంత వాడకానికి ఇచ్చినది. ఇంటి గ్యాస్ సిలిండర్‌ను హోటల్ పొయ్యికి తగిలించినట్టే ఇదీ. షరతు మీరారు కనుక కంపెనీ చందా రద్దు చేయొచ్చు, నష్టపరిహారం అడగొచ్చు. కాపీరైట్ ఉల్లంఘన అని కూడా వాదించొచ్చు. నా మటుకు ఇది ప్రధానంగా సివిల్ తగాదా.

అసలు భయపడాల్సింది ఏడో కంప్యూటర్ గురించి. కాపీరైట్ చట్టం, 1957 సెక్షన్ 63బి ప్రకారం దొంగ కాపీ అని తెలిసీ కంప్యూటర్‌లో వాడితే కనీసం 7 రోజుల నుంచి 3 ఏళ్ళ దాకా జైలు, 50 వేల నుంచి 2 లక్షల రూపాయల దాకా జరిమానా. లాభం కోసమో, వ్యాపారంలోనో వాడలేదని తేలితే జైలు లేకుండా వదిలే వెసులుబాటు అదే సెక్షన్‌లో ఉంది. కొట్లో బిల్లులు కొట్టే కంప్యూటర్‌కు అది వర్తించదు. "నాకు తెలియదండీ" అనొచ్చు గానీ, 700 రూపాయలకు, బిల్లు లేకుండా, జీవితాంతం పనిచేసే ఆఫీస్ వస్తుందని నమ్మానంటే జడ్జిగారు నమ్మాలి కదా! సెక్షన్ 64 కింద ఎస్సై, అంతకు పైస్థాయి అధికారి వారెంటు లేకుండానే ఆ కాపీలను స్వాధీనం చేసుకోవచ్చు. సివిల్ కోర్టు కమిషనర్‌ను పంపి తనిఖీ చేయించనూ వచ్చు. అంతేగానీ, ఈమెయిల్ పంపిన ప్రైవేటు మనిషికి 'ఆడిట్' అంటూ నేరుగా కొట్లోకి వచ్చి కంప్యూటర్లు తెరిచే హక్కు లేదు.

ఆ ఈమెయిల్‌కు తొందరపడి జవాబివ్వకండి, అలాగని చెత్తబుట్టలోనూ వేయకండి. పంపినవారికి కంపెనీ ఇచ్చిన అధికారపత్రం అడగండి. వాళ్ళు పంపే పట్టికలో అబద్ధం రాసి సంతకం పెట్టొద్దు. పాత తేదీతో బిల్లు పుట్టించే ఆలోచన అసలే వద్దు. అది ఫోర్జరీ అవుతుంది. ఆ కీ వాడకం ఈరోజే ఆపేయండి. ఇన్నాళ్ళ వాడకం అంతమాత్రాన మాఫీ కాదు గానీ, రాజీ మాటల్లో మీకు బలం వస్తుంది.

ఇక ప్లాన్. ఏడుగురికీ ఒకటే కొనిపిద్దామని డీలర్ చూస్తాడు. అవసరం లేదు. అకౌంటెంటుకు, కొటేషన్లు తయారుచేసే వాళ్ళకు కంప్యూటర్‌లో పూర్తి ఎక్సెల్ కావాలి కనుక మైక్రోసాఫ్ట్ 365లోనే బిజినెస్ స్టాండర్డ్ ప్లాన్. మెయిల్ చూసుకుని, అప్పుడప్పుడు షీటు తెరిచేవాళ్ళకు బ్రౌజర్‌లోనూ ఫోన్‌లోనూ నడిచే బిజినెస్ బేసిక్ చాలు. రెండూ కలిపి తీసుకోవచ్చు. గోడౌన్‌లో స్టాకు రాసే కంప్యూటర్‌కు ఎక్సెల్ లాంటి పనులే చేసే లిబ్రేఆఫీస్ పెట్టండి. ఉచితం, వ్యాపారానికి వాడినా తప్పులేదు. మీ ఎక్సెల్ ఫైళ్ళలో మాక్రోలు (పనిని తనంతట చేసే చిన్న ప్రోగ్రాములు) ఉంటే మాత్రం ముందే ఒకసారి తెరిచి చూసుకోండి.

ఏడాది ఒప్పందాన్ని నెలనెలా డబ్బు కట్టేలా తీసుకుంటే ఎప్పుడైనా మానేయొచ్చని చాలామంది అనుకుంటారు. కాదు. మొదటి 7 రోజులు దాటాక ఏడాదంతా కట్టాల్సిందే. మధ్యలో మనుషులను చేర్చొచ్చు గానీ, తగ్గించాలంటే రెన్యువల్ దాకా ఆగాలి. సీజన్‌లోనే పనిచేసే గుమాస్తా ఉంటే అతని ఒక్కడికి నెలవారీ ఒప్పందం తీసుకోండి, ధర కాస్త ఎక్కువైనా. తర్వాత గొడవొస్తే వినియోగదారుల కమిషన్ ఉందిలే అనుకోకండి. 2019 వినియోగదారుల రక్షణ చట్టంలో వాణిజ్య అవసరానికి కొన్నవారు వినియోగదారులు కారు. సొంత రెక్కల కష్టంతో బతికేవారికి ఇచ్చిన మినహాయింపు ఏడు కంప్యూటర్ల కొట్టుకు దొరకడం కష్టం.

బిల్లు అబ్బాయి పేరున కాకుండా సంస్థ పేరున, మీ జీఎస్టీ నంబరుతో ఉండాలి. అప్పుడే కట్టిన 18 శాతం పన్నుకు ఇన్‌పుట్ క్రెడిట్ (మీరు కట్టాల్సిన జీఎస్టీలో తగ్గింపు) వస్తుంది. చిన్న వ్యాపారులకు తక్కువ రేటు పన్ను ఉండే కాంపొజిషన్ పథకంలో ఉంటే ఎలాగూ రాదు.

నా దగ్గరికి వచ్చే తగాదాల్లో ఎక్కువ భాగం అడ్మిన్ ఖాతా (మొత్తం చందాను నడిపే ప్రధాన ఖాతా) దగ్గరే పుడతాయి. డీలర్ తన సొంత ఈమెయిల్‌తో ఖాతా తెరుస్తాడు, పాస్‌వర్డ్ అతని దగ్గరే ఉంటుంది. ఏడాది తర్వాత డీలర్‌ను మారుస్తానంటే ఫోన్ ఎత్తడు. అడ్మిన్ ఈమెయిల్, రికవరీ ఫోన్ నంబరు, డొమైన్ (ఈమెయిల్‌లో @ తర్వాత వచ్చే పేరు) మూడూ మీ సంస్థవే అయ్యాకే డబ్బు చెల్లించండి. ఆ మాట కొటేషన్ మీదే రాయించుకోండి.

చందా ఆగిన కొద్ది నెలలకే కంపెనీ తన సర్వర్లలో ఉన్న మీ ఫైళ్ళు చెరిపేస్తుంది. సీజీఎస్టీ (కేంద్ర జీఎస్టీ) చట్టం సెక్షన్ 36 మాత్రం వార్షిక రిటర్ను గడువు నుంచి 72 నెలలు లెక్కలు దాచమంటుంది. అందుకని ప్రతి నెలాఖరునా ఒక కాపీ మీ బీరువాలోని హార్డ్‌డిస్క్‌లోకి ఎక్కించమని అకౌంటెంటుకు చెప్పండి.