మడమ నొప్పికి ముగ్గురు మూడు కారణాలు చెప్పారు, ఏది నమ్మాలి?

ప్రశ్న: నా వయసు 43. ఉపాధ్యాయురాలిని కావడంతో రోజులో ఎక్కువసేపు నిలబడే ఉంటాను. ఏడాదిన్నరగా కుడి మడమలో నొప్పి వస్తూ పోతూ ఉంది. పొద్దున్నే మంచం దిగి కాలు నేలపై మోపగానే సూదులతో పొడిచినట్లుంటుంది. కాస్త నడిస్తే తగ్గి, సాయంత్రానికి మళ్లీ మొదలవుతుంది. ఒక డాక్టరు ఎక్స్‌రే చూసి మడమ ఎముక పెరిగిందన్నారు. మరొకరు యూరిక్ యాసిడ్ 6.4 ఉందని మాత్రలు రాశారు. ఇంకొకరు నరం నొక్కుకుందేమో, ఎమ్మారై తీయించమన్నారు. మాత్రలు వేసుకున్నన్నాళ్లు బాగుంటుంది, ఆపితే మళ్లీ మామూలే. అసలు నా జబ్బేమిటి?
- ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: పరీక్షించకుండా రోగ నిర్ధారణ చేయడం సరికాదు గానీ, మీ ఉత్తరంలో ఎక్స్‌రే కంటే, రక్తపరీక్ష కంటే విలువైన సమాచారం ఒకటుంది: పొద్దున వేసే తొలి అడుగుల్లో పొడిచే నొప్పి, నడిస్తే తగ్గడం, ఎక్కువసేపు నిలబడితే తిరగబెట్టడం. మడమ ఎముక నుంచి వేళ్ల మొదళ్ల దాకా అరికాలి కింద సాగి ఉండే గట్టి పొర దెబ్బతిన్నప్పుడు, అంటే ప్లాంటార్ ఫేషియైటిస్‌లో, నొప్పి తరచూ ఇలాగే ఉంటుంది. మడమ అడుగున లోపలి వైపు బొటనవేలితో గట్టిగా నొక్కితే మీరు ఉలిక్కిపడేంత నొప్పి పుడితే ఈ అనుమానం మరింత బలపడుతుంది.

ఎముక పెరగడం విని చాలామంది బెంబేలెత్తుతారు. ఏ నొప్పీ లేనివారి ఎక్స్‌రేలలోనూ అలాంటి పెరుగుదల తరచూ కనిపిస్తుంది. అది అలాగే ఉండగానే నొప్పి పూర్తిగా తగ్గినవారూ ఎందరో. కాబట్టి దాన్ని తొలగించాలన్న ఆలోచన ఇప్పుడు అక్కర్లేదు. యూరిక్ యాసిడ్ సంగతీ అంతే. 6.4 అనేది మీ వయసు స్త్రీలలో కొద్దిగా ఎక్కువే అయినా, ఆ ఒక్క అంకెతో గౌట్ (యూరిక్ యాసిడ్ కీళ్లలో పేరుకుని వచ్చే వాపు జబ్బు) అని తేల్చలేం. గౌట్ సాధారణంగా ఒక్క రాత్రిలోనే, చాలాసార్లు బొటనవేలి మొదట్లో, దుప్పటి తగిలినా ఓర్చుకోలేనంతగా ఎర్రబడి వాచి, ఒకటి రెండు వారాల్లో సద్దుమణుగుతుంది. పైగా స్త్రీలలో నెలసరి ఆగకముందు అది అరుదు. మాత్రలతో తగ్గింది కదా అంటారేమో, వాటిలో నొప్పి నివారిణి ఉంటే మడమ నొప్పి ఏ కారణంతో వచ్చినా కొంత తగ్గుతుంది. యూరిక్ యాసిడ్ తగ్గించే మందు ఇంకా వాడుతున్నట్లయితే, అది అవసరమో కాదో రాసిన డాక్టరునే అడగండి. నొప్పి మాత్రలను మాత్రం నెలల తరబడి సొంతంగా కొని వాడవద్దు. కడుపులో పుండ్లు, కిడ్నీల దెబ్బ వాటితో వచ్చే ముప్పులు.

నరం నొక్కుకుంటే మంట, తిమ్మిరి, కరెంటు పాకినట్లు జివ్వుమనడం ఉంటాయి. మీరు అవేవీ రాయలేదు కనుక ఎమ్మారైకి తొందర లేదు.

పేరు నూటికి నూరు పాళ్లు ఖాయం కాకపోయినా చికిత్స మొదలుపెట్టవచ్చు. మంచం దిగకముందే కుడి పాదాన్ని ఎడమ మోకాలిపై వేసుకుని, వేళ్లను చేత్తో పట్టుకుని పైకి వంచి, పది అంకెలు లెక్కపెట్టేదాకా ఉంచండి. ఇలా 10 సార్లు, రోజుకు మూడు పూటలా. గోడకు చేతులానించి పిక్క కండరాలను సాగదీసే వ్యాయామం కూడా చేయండి. మన ఇళ్లలో గ్రానైట్, టైల్స్ నేలమీద వట్టి కాళ్లతో తిరగడం అలవాటు. ఇంట్లోనూ మెత్తని ఎంసీఆర్ (ఒక రకం మెత్తటి రబ్బరు) చెప్పులు వేసుకోండి. తరగతిలో వీలైనప్పుడల్లా కూర్చోండి. రెండు వారాలకే ఫలితం లేదని వదిలేయవద్దు. ఈ నొప్పి చాలామందిలో నెమ్మదిగా, నెలల మీదనే తగ్గుతుంది, కొందరికి ఏడాది కూడా పడుతుంది. స్టెరాయిడ్ ఇంజెక్షన్ కొన్నాళ్లు ఉపశమనం ఇస్తుంది గానీ, పదేపదే తీసుకుంటే ఆ పొర తెగే ప్రమాదం, మడమ కింది కొవ్వు పలచబడే ప్రమాదం ఉన్నాయి.

ఒకే ఎముకల డాక్టరు దగ్గర మూడు నెలలు నిలకడగా చూపించుకోండి. నొప్పి ఎప్పుడు, ఎక్కడ, ఏ పని తర్వాత వచ్చిందో ఒక చిన్న పుస్తకంలో రాసి తీసుకెళ్లండి. షుగరు ఒకసారి చూపించుకోండి. రెండు మడమలూ నొప్పెట్టడం, పొద్దున నడుము అరగంటకు పైగా బిగుసుకుని ఉండటం, సోరియాసిస్ అనే చర్మవ్యాధి ఉంటే రుమటాలజిస్టును (కీళ్లవాతాల నిపుణులను) కలవాలి. జ్వరంతో పాదం ఎర్రబడి వాచినా, కాలు మోపలేకపోయినా, స్పర్శ తగ్గినా, పుండు పడినా, రాత్రి విశ్రాంతిలోనూ నొప్పి పెరుగుతూ పోతున్నా మూడు నెలలు ఆగకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.