స్కానర్‌కి చిక్కని యాక్సిలరేటర్ కేబుల్

ప్రశ్న: మాది 2014 ఆల్టో 800. విజయవాడ బెంజ్ సర్కిల్ దగ్గర యాక్సిలరేటర్ పెడల్ మీంచి కాలు తీసినా ఇంజిన్ రేజింగ్ వెంటనే దిగట్లేదు. కారు లోపాలను కోడ్‌లుగా చూపించే బ్లూటూత్ ఓబీడీ స్కానర్ కొని ఫోన్‌కి కలిపితే ఒక్క ఎర్రర్ కోడ్ కూడా రాలేదు. ఇంకేదైనా యాప్ వేసుకోవాలా?
– ఒక పాఠకుడు, పటమట

జవాబు: యాప్ మార్చినా కోడ్ రాదండీ. మీ కారులో పెడల్‌కీ ఇంజిన్‌కీ మధ్య ఉన్నది ఉక్కు తీగ, అదే యాక్సిలరేటర్ కేబుల్. దానికి సెన్సర్ ఉండదు. ఇంజిన్‌లోకి గాలి వెళ్లే దారిలో ఉండే థ్రాటిల్ బాడీలో, ఆ గాలిని అదుపు చేసే రెక్క ఎంత తెరుచుకుందో చెప్పే సెన్సర్ మాత్రం ఉంటుంది. తీగ పట్టేసి రెక్క కొంచెం తెరిచి ఉండిపోతే, మీరే తొక్కుతున్నారనుకుని ఈసీయూ (ఇంజిన్‌ని నడిపే కంప్యూటర్) పెట్రోలు పంపిస్తుంది. దాని లెక్క ప్రకారం తప్పేమీ జరగలేదు.

స్కానర్ వృథా కాలేదు. ఇంజిన్ స్టార్ట్ చేయకుండా ఇగ్నిషన్ ఆన్ చేసి, స్కానర్ యాప్‌లోని లైవ్ డేటాలో థ్రాటిల్ పొజిషన్ (రెక్క ఎంత తెరుచుకుందో చెప్పే అంకె) చూస్తూ పెడల్ తొక్కి వదలండి. వదిలాక సున్నాయే రానక్కర్లేదు, ప్రతిసారీ అదే అంకెకి తిరిగి రావాలి. ఒకసారి ఒకటి, మరోసారి ఇంకోటి వస్తుంటే ఎక్కడో పట్టేస్తోందన్నమాట. పెడల్ కింద మ్యాట్ అడ్డుపడుతోందేమో ముందు చూడండి.

తర్వాత ఇగ్నిషన్ ఆపి, తాళం చెవి తీసేసి బానెట్ ఎత్తండి. థ్రాటిల్ బాడీ పక్కన కేబుల్ చుట్టుకునే చిన్న చక్రం ఉంటుంది. దాన్ని చేత్తో తిప్పితే తీగ వదులవుతుంది, చివరి గుండు గాడిలోంచి బయటికొస్తుంది. ఇప్పుడు చక్రాన్ని తిప్పి వదలండి. టక్కున వెనక్కి వస్తే తేడా కేబుల్‌లోనో పెడల్ దగ్గరో ఉంది. నెమ్మదిగా వస్తే థ్రాటిల్ బాడీలో మసి పేరుకుని ఉండొచ్చు, ముందు శుభ్రం చేయించండి.

తీగలో ఒక్క పోగు తెగినా, తుప్పు కనిపించినా మార్చేయండి. స్ప్రే కొట్టి ఇంకొన్నాళ్లు నడుపుదామనుకోవద్దు. చిక్కటి గ్రీజు అసలే వద్దు, దుమ్ము పట్టి ఇంకా బిగుసుకుంటుంది. ఆటోనగర్‌లో స్పేర్ పార్టుల షాపుకి పాత కేబుల్ చేత్తో పట్టుకెళ్లండి. లోపలి తీగ, పై తొడుగు, రెండు చివర్లూ కొత్తదాని పక్కన పెట్టి కొలిచాకే కొనండి. బిగించేటప్పుడు పాత దారిలోనే పోవాలి, ఎక్కడా మడత పడకూడదు, సైలెన్సర్ గొట్టం వేడి తగలకూడదు. తీగ కొద్దిగా వదులుండేలా నట్టు సర్దాలి. మరీ లాగి బిగిస్తే రెక్క పూర్తిగా మూసుకోదు, మీ సమస్య మళ్లీ మొదటికే వస్తుంది. మెకానిక్ బానెట్ దగ్గరుండగా మీరు లోపల కూర్చుని పెడల్ నేలకి తొక్కండి. రెక్క పూర్తిగా తెరుచుకుని, వదలగానే పూర్తిగా మూసుకోవాలి.

మార్చేదాకా బండి తీయకపోవడమే మంచిది. వారధి మీదో హైవే మీదో యాక్సిలరేటర్ పట్టేస్తే క్లచ్ తొక్కి న్యూట్రల్ చేయండి. ఇంజిన్ గట్టిగా అరుస్తుంది, భయపడొద్దు. బ్రేకు పదేపదే కొట్టకుండా ఒకే ఒత్తుడు గట్టిగా తొక్కి, పక్కకి ఆపాక ఇంజిన్ కట్టేయండి. బండి నడుస్తుండగా తాళం చెవి లాగేస్తే స్టీరింగ్ లాక్ పడిపోతుంది.

ప్రశ్న: మా కొత్త కారులో ఈ కేబుల్ కనిపించట్లేదు. ఎక్కడుంటుంది?
– ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: ఇప్పటి కార్లలో అది ఉండదండీ. పెడల్ దగ్గరి సెన్సర్ సిగ్నల్ ఇస్తే, మోటారు రెక్కను తిప్పుతుంది. ఇందులో తేడా వస్తే సాధారణంగా కోడ్ పడుతుంది, స్కానర్‌లో కనిపిస్తుంది. రెక్కను మాత్రం వేలితో నెట్టొద్దు, లోపలి గేర్లు దెబ్బతినొచ్చు. శుభ్రం చేయించాక కొన్ని మోడళ్లలో స్కానర్‌తో థ్రాటిల్‌ని మళ్లీ సెట్ చేయాల్సి ఉంటుంది. ఆ సౌకర్యం ఉన్న షెడ్డుకే ఇవ్వండి.